గోదావరి డెల్టాలో సెలవులు: ఒకే ఊళ్ళో మకామా, నాలుగు ఊళ్ళ తిరుగుడా? తేల్చుకునే పద్ధతి

"మూడు రోజులు సెలవు దొరికింది అన్నయ్యా. రాజమండ్రిలో దిగి కాకినాడ, ద్రాక్షారామం, యానాం, అమలాపురం, అంతర్వేది, భీమవరం చూసేయొచ్చా?"

కార్తీకమాసం ముందు, సంక్రాంతి ముందు, వేసవి సెలవుల ముందు చుట్టాలు, స్నేహితులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే లెక్క తప్పుతుంది. మధ్యలో ఎన్ని పాయలు దాటాలి, ఏ వేళకి ఎక్కడ ఉండాలి అన్నవే అసలు లెక్కలు. వాటిని వరసగా చెబుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

1. రోజులు కాదు, రాత్రులు లెక్కపెట్టండి

శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలెక్కి, సోమవారం పొద్దున్నే ఇంట్లో దిగేవాళ్ళు దాన్ని మూడు రోజుల ట్రిప్ అంటారు. నిజానికి ఇక్కడ నిద్రపోయేది శనివారం ఒక్క రాత్రే. ఒక్క రాత్రికి రెండు ఊళ్ళ ప్రశ్నే రాదు.

కాగితం పైభాగంలో ఇవి రాసుకోండి:

- ఇక్కడ బస చేసే రాత్రులు ఎన్ని (రైల్లో, బస్సులో గడిచేవి తీసేయాలి)
- ఎవరెవరు వస్తున్నారు: మెట్లెక్కలేని పెద్దవాళ్ళున్నారా, చంటిపిల్లలున్నారా
- ఏ నెల, వీలైతే ఏ తిథి
- సొంత కారా, అద్దె కారా, ఆర్టీసీ బస్సులా
- తీర్చుకోవాల్సిన మొక్కేదైనా ఉందా

మొక్కు ఉంటే దాన్ని మొదట ఖాయం చేసి, మిగతావి దాని చుట్టూ సర్దుకోవాలి. ఉదాహరణకి మురమళ్ళ వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం చేయించాలనుకుంటే తేదీ ముందుగా రాయించుకోవాలి. ఆ తేదీ దొరికాకే మిగతా ప్లాన్ మొదలుపెట్టండి.

2. ప్రతి చోటు పక్కనా వేళ రాయండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. నా లెక్కలో ఒక ఊళ్ళో ఉండాలా, నాలుగు తిరగాలా అనేది సగం ఇక్కడే తేలిపోతుంది.

చూడాలనుకున్నవన్నీ రాసి, ఒక్కోదాని పక్కన అది బాగుండే వేళ రాయండి.

గుళ్ళు చాలావరకు మధ్యాహ్నం మూసి, మూడు నాలుగు గంటల మధ్య మళ్ళీ తెరుస్తారు. కాబట్టి గుడి అంటే ఉదయమో, సాయంత్రమో. అంబాజీపేట పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, పొద్దుటి టిఫినే. కోరింగ మడ అడవుల్లో పడవ షికారు సముద్రపు పోటు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి వెళ్ళే ముందు రోజు అడిగి తెలుసుకోవాలి. కడియం నర్సరీలకు పొద్దున్న గానీ, ఎండ దిగాక గానీ వెళ్ళాలి. రాజమండ్రి పుష్కర ఘాట్ సాయంత్రం. పాపికొండల బోటుకి రోజంతా పోతుంది, ఇంకేమీ కలపడానికి ఉండదు.

ఆత్రేయపురంలో పూతరేకుల తయారీ చూడాలంటే కొట్టు దగ్గర ఆగి పెట్టె కొనుక్కుంటే సరిపోదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పక్కన పలచటి బియ్యప్పిండి జారు. గుడ్డ అందులో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. చేసే ఆవిడ మాట్లాడుతూనే ఉంటారు, చెయ్యి మాత్రం ఆగదు. అది చూస్తూ అరగంట కూర్చోవాలి. అరగంట కూర్చునే తీరిక ప్లాన్‌లో లేకపోతే ఆ ఊరిని జాబితాలోంచి కొట్టేసి, పెట్టె రాజమండ్రిలోనే కొనుక్కోండి.

జాబితా పూర్తయ్యాక ఉదయం వేళలు, సాయంత్రం వేళలు విడిగా లెక్కపెట్టండి. మీకున్న ఉదయాలకంటే ఉదయం పనులు ఎక్కువుంటే కొన్ని వదులుకోవాల్సిందే. ఊళ్ళు మారినంత మాత్రాన ఉదయాలు పెరగవు.

3. జాబితాను మూడు గట్లుగా విడదీయండి

ధవళేశ్వరం దిగువన గోదావరి ప్రధానంగా గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ చీలుతుంది. కాగితం మీద రెండు నిలువు గీతలు గీయండి, మొదటిది వశిష్ఠ, రెండోది గౌతమి. మూడు గళ్ళు వస్తాయి.

గౌతమికి తూర్పున: రాజమండ్రి, ధవళేశ్వరం, కడియం, తాపేశ్వరం, ద్రాక్షారామం, కోటిపల్లి, సామర్లకోట, పిఠాపురం, కాకినాడ, ఉప్పాడ, కోరింగ, పుదుచ్చేరికి చెందిన యానాం.

నడుమ, కోనసీమ: ఆత్రేయపురం, ర్యాలి, వాడపల్లి, రావులపాలెం, మందపల్లి, అంబాజీపేట, అమలాపురం, అయినవిల్లి, ముక్తేశ్వరం, మురమళ్ళ, ఓడలరేవు. వైనతేయ దాటాక అప్పనపల్లి, రాజోలు, దిండి, అంతర్వేది.

వశిష్ఠకు పడమర: తణుకు, పెనుగొండ, పాలకొల్లు, నరసాపురం, భీమవరం, పేరుపాలెం బీచ్.

ఇప్పుడు చూడండి. కోటిపల్లి రేవులో నిలబడితే అవతల ముక్తేశ్వరం కనిపిస్తుంది. పంటు, అంటే మనుషులను, బండ్లను దాటించే బల్లకట్టు పడవ, నడిస్తే కాసేపట్లో అక్కడుంటారు. నడవకపోతే యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీదుగానో, రావులపాలెం మీదుగానో చుట్టూ తిరగాలి. నరసాపురం, సఖినేటిపల్లి సంగతీ అంతే. పంటు లేకపోతే పాలకొల్లు వెళ్ళి చించినాడ వంతెన ఎక్కి దిండి మీదుగా రావాలి.

అందుకే ఒకే రోజులో రెండు గళ్ళు కలపొద్దు. ఒక గడిలో ఉన్న చోట్లు ఒక రోజుకి, ఇంకో గడివి ఇంకో రోజుకి పెట్టుకోండి. దీనికి మినహాయింపు ఒక్కటే. ధవళేశ్వరం ఆనకట్ట దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం, ర్యాలి, వాడపల్లి వెళ్ళొచ్చు కాబట్టి అవి కోనసీమలో ఉన్నా రాజమండ్రి నుంచి పూటలో చూసి రావచ్చు.

4. మకాములు ఎన్నో తేల్చండి

మకాం మార్చిన ప్రతిసారీ ఒక పూట పోతుంది. పొద్దున్నే సామాను సర్దడం, గది ఖాళీ చేయడం, కొత్త ఊళ్ళో గది ఇచ్చేదాకా కాచుకోవడం, పిల్లల అన్నాలు. ఆ పూట మీరు ఎంచుకున్న ఉదయాల్లోంచే పోతుంది. కాబట్టి:

- 1 లేదా 2 రాత్రులు: ఒకే మకాం. ఒకే గడి.
- 3 రాత్రులు: అప్పుడూ ఒకే మకాం. పక్క గడికి ఒక రోజు వెళ్ళి రావచ్చు.
- 4 లేదా 5 రాత్రులు: రెండు మకాములు, ఒక్కో చోట కనీసం రెండు రాత్రులు.
- 6, ఆపైన: మూడు గళ్ళలో మూడు మకాములు.

ఒక్క రాత్రి మకాం మాత్రం పెట్టుకోకండి. చీకటి పడ్డాక చేరి తెల్లారాక బయలుదేరే ఊరిని చూసినట్టు కాదు.

పెద్దవాళ్ళు ఉన్నప్పుడు ఈ లెక్కలోంచి ఒక మకాం తగ్గించండి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులుంటే ఐదు రాత్రులకి కూడా ఒకే గది, అదీ కింది అంతస్తులో, మంచిది. తిరగగలిగినవాళ్ళు పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తారు, ఆవిడ సాయంత్రం గుడికి వస్తారు. ఆవిడను రోజంతా కారులో కూర్చోబెట్టడం కంటే ఇది అందరికీ సుఖం.

5. మకాం ఊరిని ఎంచుకోండి

రాజమండ్రి మొదటిసారి వచ్చేవాళ్ళకి. రైళ్ళు ఎక్కువ, మధురపూడిలో విమానాశ్రయం ఉంది, అన్ని రకాల గదులూ దొరుకుతాయి. ఘాట్లు, ఆనకట్ట, కాటన్ మ్యూజియం, కడియం, పాపికొండలు, ఆత్రేయపురం వైపు, అన్నిటికీ ఇక్కణ్ణుంచే వెళ్ళొచ్చు. అయితే రాజమండ్రిలో ఉండి అంతర్వేది వెళ్ళి రావాలనుకోకండి. వెళ్ళగలరు గానీ రోజంతా కారులోనే గడుస్తుంది.

కాకినాడ పంచారామాలు, సముద్రం రెండూ కావాలనుకునేవాళ్ళకి. సామర్లకోట సుమారు 15 కిలోమీటర్లు, ద్రాక్షారామం, యానాం ఒక్కోటీ 30 చుట్టుపక్కల. కోరింగ దారిలోనే. ఉప్పాడ జాందానీ చీరలు మగ్గం మీద చూడాలంటే ఒక పూట విడిగా ఉంచుకోండి. మగ్గం దగ్గర తొందరపడి లాభం లేదు.

అమలాపురం. కోనసీమ కోసమే వస్తుంటే నేను చెప్పేది ఈ ఊరే. రైలు లేదు, అదే దీనికున్న ఇబ్బంది. రాజమండ్రికీ, కాకినాడకీ సుమారు 65 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులు ఉంటాయి. అయినవిల్లి, మురమళ్ళ, అంబాజీపేట, ఓడలరేవు అన్నీ దగ్గర. బోడసకుర్రు, పాశర్లపూడి వంతెన దాటితే అప్పనపల్లి. ఇక్కడ కనీసం ఒక సాయంత్రం ఏ కార్యక్రమమూ పెట్టుకోకుండా కాలువగట్టు వెంట నడవడానికి వదిలేయండి. కోనసీమ అంటే గుళ్ళ జాబితా కాదు. కొబ్బరితోటల మధ్య నడిచే ఆ గంట లేకుండా వెనక్కి వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఊరి సందడి వద్దు, నీళ్ళ పక్కనే ఉండాలి అనుకుంటే దిండి. రిసార్టులు, హౌస్‌బోట్లు ఉన్నాయి. అంతర్వేదికి ఇక్కణ్ణుంచి వెళ్ళడం సులువు. చేతిలో బండి లేకపోతే మాత్రం దిండి వద్దు.

భీమవరం లేదా పాలకొల్లు పడమటి గడికి. గునుపూడి సోమారామం, పాలకొల్లు క్షీరారామం, మావుళ్ళమ్మ గుడి, పేరుపాలెం. రెండు ఊళ్ళకీ రైలుంది. రొయ్యల కూర కోసం భీమవరం, దిబ్బరొట్టె కోసం పాలకొల్లు అనేవాళ్ళున్నారు. రెండూ నిజమే.

6. నెలతో సరిచూసుకోండి

ఇక్కడ నెలను బట్టి ప్లానే మారిపోతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరగడానికి హాయి. కానీ కార్తీకమాసంలో పంచారామాలు, సత్యనారాయణస్వామి కొలువైన అన్నవరం కిక్కిరిసి ఉంటాయి. అమరావతితో కలిపి ఐదు ఆరామాలనూ ఒకే రోజు చూడాలనుకుంటే ఆ నెలలో ఆర్టీసీ నడిపే ప్రత్యేక బస్సులు ఎక్కండి. అది మొక్కు ప్రయాణం. దాన్ని సెలవులతో కలపకండి.

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల గదులు నెలల ముందే అయిపోతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలంటే అమలాపురంలోనే ఉండాలి. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన వెదురు కట్టడాలు, అక్కడికి చేరతాయి. గంగలకుర్రు ప్రభలను నీళ్ళున్న కౌశిక కాలువలోంచి భుజాల మీద దాటిస్తారు. ఆ రోజు కార్లు చాలా దూరంలోనే ఆపేస్తారు కాబట్టి నడవడానికి సిద్ధపడండి. అంతర్వేది కల్యాణం భీష్మ ఏకాదశి ముందటి రాత్రి. ఆ రోజుల్లో జనం విపరీతం, తీరిగ్గా సంగమం చూద్దామనుకునేవాళ్ళు ఆ తేదీలు తప్పించండి.

పచ్చటి చేలు చూడాలంటే సార్వాకి (ఖరీఫ్ వరి) ఆగస్టు నుంచి అక్టోబరు, దాళ్వాకి (రబీ వరి) ఫిబ్రవరి, మార్చి. వేసవిలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదులుతారు. ఫొటోల్లో చూసిన నిండు కాలువల కోసం మే నెలలో వస్తే ఎండిన కాలువలే కనిపిస్తాయి.

జూలై నుంచి సెప్టెంబరు పులస చేప కాలం. పుస్తెలమ్మి అయినా తినాలంటారు గానీ, అదే వరదల కాలం కూడా. పంట్లు ఆగిపోతాయి, పాపికొండల బోట్లు ఆగిపోతాయి. పులస కోసం వచ్చేవాళ్ళు ఒకే ఊళ్ళో ఉండి, ముందు రోజే చెప్పి వండించుకుని తినండి. వండిన మర్నాడు ఇంకా బాగుంటుంది, అందుకోసమైనా రెండు రాత్రులుండాలి.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ రోజుల్లో పైన చెప్పిన లెక్కలేవీ పనికిరావు. స్నానం కోసం వచ్చేవాళ్ళు ఒక్క రేవు చూసుకుని, దగ్గర్లో బంధువుల ఇల్లుంటే అక్కడే ఉండడం మేలు.

7. వచ్చిన దారినే వెళ్ళకండి

రెండు, మూడు మకాములు ఖాయమైతే ఒక కొసలో దిగి ఇంకో కొసలో రైలెక్కండి. కాకినాడకి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, యానాం మీదుగా అమలాపురం, అక్కణ్ణుంచి దిండి, చించినాడ మీదుగా పాలకొల్లు, చివర నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తూర్పు నుంచి పడమరకి ఒక్కసారే దాటుతారు. సొంత కారులో వచ్చేవాళ్ళు తణుకు వైపు నుంచి లోపలికి దిగి, రాజమండ్రి దగ్గర హైవే ఎక్కొచ్చు.

ఈ దారిలో ఒక్కసారైనా పంటు ఎక్కేలా చూసుకోండి. నరసాపురం రేవులో కార్లు, బైకులు, బుట్టలతో ఆడవాళ్ళు, స్కూలు పిల్లలు అందరూ ఒకే బల్ల మీద నిలబడతారు. పంటు అవతలి గట్టుకి ఆనకముందే బైకులవాళ్ళు బండ్లు స్టార్ట్ చేసేస్తారు. పిల్లల చెయ్యి వదలకండి, కారులోంచి అందరూ దిగి నిలబడండి.

బుకింగ్ వరస ఇలా ఉంటే టెన్షన్ ఉండదు:

- మొక్కు లేదా పండగ తేదీ
- రానుపోను రైలు టికెట్లు
- గదులు (చిన్న ఊరి గది ముందు, పెద్ద ఊరిది తర్వాత)
- అద్దె కారు: రోజుకి ఎన్ని కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా ఎంత, రాత్రి బసకి విడిగా ఇవ్వాలా
- పాపికొండల బోటు: నీటిమట్టం తెలిశాకే

8. ఒక రోజును ఇలా కట్టండి

కాలువగట్ల రోడ్లు సన్నం. గడ్డి ట్రాక్టరు ఎదురొస్తే ఆగాల్సిందే. గంటకి 30 కిలోమీటర్లు మాత్రమే లెక్కేసుకోండి.

పొద్దున ఒక ముఖ్యమైన చోటు, దాని దగ్గర్లో ఇంకోటి. మధ్యాహ్నం గది, భోజనం, కునుకు. సాయంత్రం ఒక్కటే. అంటే రోజుకి మూడు, అంతకు మించి రాయకండి. ఉదాహరణకి అమలాపురం మకాంలో ఒక రోజు: పొద్దున్నే అంబాజీపేటలో పొట్టిక్కలు, తర్వాత అయినవిల్లి, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం ఓడలరేవు. శనివారమైతే వాడపల్లి వైపు వెళ్ళొద్దు, మొక్కులవాళ్ళతో రోడ్లు నిండిపోతాయి. శని త్రయోదశికి మందపల్లి కూడా అంతే.

9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

*అన్నీ రాజమండ్రి నుంచే తిరుగుదాం అనుకోవడం.* నాలుగు రాత్రులుంటే రెండో సగం అమలాపురానికి మార్చండి. రానుపోను తిరిగే డీజిలు, సమయం రెండూ మిగులుతాయి.

*మ్యాప్ యాప్ చెప్పిన సమయాన్ని నమ్మడం.* దారి పంటు మీదుగా చూపిస్తోందేమో గమనించండి. రాత్రయ్యాక పంటు ఉంటుందో లేదో రేవు దగ్గర ఊళ్ళో అడగండి, హోటల్లో అడిగితే సరిగా తెలియకపోవచ్చు.

*మధ్యాహ్నం పన్నెండు దాటాక గుడికి చేరడం.* ఆ పూట ఇక తలుపులు తీసేదాకా కాచుకోకండి. ద్రాక్షారామంలో అలా జరిగితే కోటిపల్లి రేవుకి వెళ్ళి, సాయంత్రం తెరిచాక వెనక్కి రండి.

*గుళ్ళతో పిల్లలు విసిగిపోవడం.* రెండు గుళ్ళకి ఒక నీటి చోటు: పడవ, బీచ్, రేవు. వాళ్ళ గొడవ సగం తగ్గుతుంది.

*బంధువుల ఇంటి భోజనం లెక్కలో వేసుకోకపోవడం.* గోదావరి జిల్లాల్లో చుట్టాలుంటే "ఒక్క పూటకి వస్తాం పిన్నీ" అంటే ఒక రోజు పోయినట్టే. దాన్ని ముందే ఒక రోజుగా రాసుకుని, హాయిగా వెళ్ళి తినండి.

10. వచ్చాక ప్లాన్ మారాల్సి వస్తే

వానాకాలంలో వచ్చేవాళ్ళు రోజూ రెండు నీటిమట్టాలు చూడాలి. ముందు భద్రాచలం, తర్వాత ధవళేశ్వరం. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. పైన పెరిగిన నీరు కిందికే వస్తుంది కాబట్టి, అప్పుడే మీ ప్లాన్ తిరగరాసుకోండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది.

ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక రాగానే పంటు ప్రయాణాలు, లంక ఊళ్ళు (నది మధ్య దిబ్బల మీదివి), ఘాట్లలో స్నానాలు కొట్టేయండి. మీ మకాం కోనసీమలో ఉంటే వంతెనల మీదుగా ఆ రోజే కాకినాడకో, భీమవరానికో మారండి. రెండో హెచ్చరిక దాకా చూద్దామని ఆగొద్దు. గది డబ్బులు కొంత పోయినా పోనివ్వండి. లంకల వాళ్ళు అప్పటికే పశువులను గట్టు మీదికి తోలుకుంటూ ఉంటారు, ఆ రోడ్ల మీద మీ కారు వాళ్ళకి అడ్డం కాకూడదు.

వరద కాకుండా మామూలు వానే అయితే మకాం కదపకండి. గదిలోనే ఉండి, దగ్గర్లోని గుడి ఒకటి సాయంత్రం చూసి, మిగతావి మర్నాటికి జరపండి. మర్నాటికి చోటు లేకపోతే జాబితాలో అన్నిటికంటే దూరంగా ఉన్నదాన్ని వదిలేయండి, దగ్గరిదాన్ని కాదు.